పైపులు బాగున్నాయి, మనిషేడి? ఒక లీడింగ్ లైన్ ఫొటో కథ

"పైపులు చాలా బాగొచ్చాయండీ. మనిషేడి?"

ఒక నీటి పంపింగ్ స్టేషన్ వార్షిక నివేదిక కోసం నేను పంపిన ఫొటో చూసి, పేజీలు డిజైన్ చేస్తున్నావిడ ఫోన్లో అన్న మొదటి మాట ఇది. మనిషి ఉన్నాడు. ఫ్రేమ్‌లో కుడివైపు, వాల్వ్ పక్కన, హెల్మెట్ పెట్టుకుని నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. ఆవిడకే కనిపించలేదు. సరిగ్గా చూడలేదేమో అని లోపల కాస్త చిరాకు పడ్డాను. ఫోన్ పెట్టేశాక అదే ఫొటోని స్క్రీన్ మీద తపాలా బిళ్లంత చేసి చూస్తే, నాకూ కనిపించలేదు.

వాళ్లు అడిగింది ఒకే ఒక్క ఫొటో, పూర్తి పేజీకి. అక్కడ అందరికన్నా ఎక్కువ కాలంగా పనిచేస్తున్న ఆపరేటర్ తన పనిలో ఉండాలి, చుట్టూ ఉన్న యంత్రాల పెద్దతనం తెలియాలి, కానీ చూడగానే ఆయనే కనపడాలి. లీడింగ్ లైన్స్‌కి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు అనుకునే వెళ్లాను. ఫ్రేమ్‌లో చూపుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లే గీతలు: రోడ్డు, గోడ అంచు, రెయిలింగ్, నీడ, ఏదైనా సరే. ఆ హాల్లో గీతలకి కరువు లేదు.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ముప్పై మీటర్ల పొడవైన హాలు. మధ్యలో మూడు మీటర్ల వెడల్పున నడిచే దారి. దారికి ఎడమవైపు నడుం కన్నా కాస్త ఎత్తులో, ఈ చివరి నుంచి ఆ చివరికి నీలం రంగు పైపు. పైపు వెనకాల వరసగా పంపులు. కుడివైపు మీటరు ఎత్తు పసుపు రెయిలింగ్. పైన ట్యూబ్ లైట్ల వరస, దాని పక్కనే కేబుల్ ట్రే. దారి చివర నాలుగు మీటర్ల ఎత్తు షట్టర్ తలుపు, సామాన్ల బండి కోసం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆపరేటర్ తిప్పే వాల్వ్ కుడివైపు, రెయిలింగ్‌ని ఆనుకుని ఉంది.

మొదటి రోజు నా కన్ను నీలం పైపు మీద పడింది. పడి, అక్కడే ఉండిపోయింది. 16 ఎం.ఎం. వెడల్పు లెన్స్ పెట్టి, పైపుకి జానెడు దూరంలో ట్రైపాడ్ దించి, కెమెరాని మోకాలి ఎత్తుకి తెచ్చాను. కింద నుంచి తీస్తే పైపు ఫ్రేమ్ ఎడమ అంచు నుంచి దూసుకొచ్చి లోపలికి పరిగెడుతుంది. వ్యూఫైండర్‌లో ఆ దృశ్యం నిజంగా అద్భుతంగా ఉంది. ఆపరేటర్‌ని వాల్వ్ దగ్గర నిలబడమన్నాను, నాకు పదిహేను మీటర్ల దూరంలో.

"ఇంకెంతసేపు బాబూ?" అన్నాడాయన పది నిమిషాలయ్యాక.

"అయిపోయింది బాబాయ్, ఇంకొక్కటి," అన్నాను. అలాంటి ఒక్కటి నలభై తీశాను. నలభైలోనూ తప్పు ఒకటే.

ఇంటికొచ్చి లెక్క వేశాను. కెమెరాలో బొమ్మ పడే ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ ఎత్తు 24 ఎం.ఎం. 16 ఎం.ఎం. లెన్స్‌తో పదిహేను మీటర్ల దూరంలో ఉన్న 1.7 మీటర్ల మనిషి సెన్సార్ మీద 1.8 ఎం.ఎం. పడతాడు. అంటే ఫ్రేమ్ ఎత్తులో పదమూడో వంతు. ఆయనకి రెట్టింపు దూరంలో ఉన్న షట్టర్ 2 ఎం.ఎం.కి పైనే పడింది, అదీ పగటి వెలుగుతో తెల్లగా మెరుస్తూ. చీకటి హాల్లో మనిషి కన్నా పెద్దది, మనిషి కన్నా వెలుగైనది ఒకటి కూర్చుని ఉంటే చూపు ఇంకెక్కడికి పోతుంది?

వెడల్పు లెన్స్ దగ్గరి వస్తువుని పెద్దది చేసి దూరపుదాన్ని చిన్నది చేస్తుందని అందరం అంటాం. నిజానికి ఆ పని చేసేది మనం నిలబడిన చోటు. పైపుకి జానెడు దూరంలో నిలబడి, మనిషికి పదిహేను మీటర్ల దూరంలో ఉన్నాను కాబట్టి ఆ రెండిటి మధ్య నిష్పత్తి అప్పుడే ఖాయమైపోయింది. ఆ చోటి నుంచి రెండూ ఒకే ఫ్రేమ్‌లో పట్టే వీలు కల్పించడం వరకే లెన్స్ పని.

సైజు ఒక్కటే సమస్య అయితే క్రాప్ చేసి ఊరుకునేవాణ్ని. అసలు జబ్బు వేరే ఉంది. ప్రింట్ తీసి, స్కేలు పెట్టి, పైపు అంచుల్ని, రెయిలింగ్‌ని, లైట్ల వరసని పెన్సిల్‌తో పొడిగించాను. ఒకదానికొకటి సమాంతరంగా ఉన్న గీతలన్నీ ఫొటోలో ఒకే బిందువు దగ్గర కలుస్తాయి, రైలు పట్టాలు దూరాన కలిసినట్టు. దాన్నే వ్యానిషింగ్ పాయింట్ అంటారు. నా పెన్సిల్ గీతలు కలిసిన చోట షట్టర్ కింది భాగం ఉంది. ఆపరేటర్ అక్కడికి కుడిగా, ఫొటోలో తన ఎత్తుకి ఒకటిన్నర రెట్ల దూరంలో ఉన్నాడు. పైగా ఆ బిందువు నుంచి అడ్డంగా గీత గీస్తే అది ఆయన మోకాళ్ల మీదుగా పోయింది.

హాల్లో ఉన్న ప్రతి గీతా "అదిగో, అటు చూడు" అని గుమ్మం వైపు వేలు చూపిస్తోంది. ఆపరేటర్ ఆ దారిలో లేడు. పక్కన నిలబడి దారినపోయేవాళ్లని చూస్తున్నట్టున్నాడు.

ఇందులో రెండు సంగతులు చాలామంది పట్టించుకోరు, నేనూ అన్నేళ్లుగా పట్టించుకోలేదు. వ్యానిషింగ్ పాయింట్ హాల్లో ఎక్కడో ఉండే వస్తువు కాదు, మనతో పాటు నడుస్తుంది. కెమెరా నుంచి పైపులకి సమాంతరంగా ఒక దారం లాగితే అది ఎటు పోతుందో, బిందువు అక్కడ ఉంటుంది. కెమెరాని ఎడమకి జరిపితే అదీ ఎడమకి జరుగుతుంది. కిందకి దించితే అదీ దిగుతుంది. నేను పైపు పక్కకి జరిగి బిందువుని కూడా నాతో తీసుకుపోయాను, మనిషిని మాత్రం రెండున్నర మీటర్లు కుడికి వదిలేశాను.

రెండోది ఎత్తు. నేల చదునుగా ఉన్నప్పుడు, కెమెరా నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే, ఫ్రేమ్‌లో దూరంగా ఉన్నవాటినీ దగ్గరగా ఉన్నవాటినీ అన్నిటినీ అదే ఎత్తులో హొరైజన్ గీత (వ్యానిషింగ్ పాయింట్ మీదుగా అడ్డంగా పోయే గీత) కోస్తుంది. అర మీటరు ఎత్తులో కెమెరా పెడితే ఐదు మీటర్ల దూరంలో ఉన్న మనిషికైనా యాభై మీటర్ల దూరంలో ఉన్న మనిషికైనా ఆ గీత మోకాళ్ల దగ్గరే పోతుంది. మొహం దగ్గరికి గీతలు రావాలంటే కెమెరా మొహం ఎత్తుకి లేవాలి. ఇది కొత్త విషయమేమీ కాదు. 1435లోనే ఇటలీ పండితుడు లియోన్ బతిస్తా ఆల్బెర్టీ చిత్రకారులకి, చదును బొమ్మలో లోతు చూపించే పర్‌స్పెక్టివ్ నియమాలు రాస్తూ, ఆ కేంద్ర బిందువుని చిత్రంలో మనిషి ఎత్తు కన్నా పైకి పోనివ్వవద్దని, అప్పుడే చూసేవాడూ చిత్రంలో ఉన్నవాళ్లూ ఒకే నేల మీద ఉన్నట్టు అనిపిస్తుందని చెప్పాడు. "లో యాంగిల్ పెడితే పవర్‌ఫుల్‌గా ఉంటుంది" అని ఎవరో ఎప్పుడో అన్నమాట పట్టుకుని నేను మోకాలి దగ్గర ఆగిపోయాను. లో యాంగిల్‌తో పేచీ లేదు. ఈ ఫొటోలో ఆయన మోకాళ్లకి చెప్పడానికి కథేమీ లేదు, అంతే.

వారం తర్వాత మళ్లీ అనుమతి తీసుకుని వెళ్లాను. ఈసారి కెమెరా బ్యాగ్ తెరవకుండా ముందు నడిచాను. ఒక కన్ను మూసుకుని, ఆపరేటర్ మొహం ఎత్తుకి నా కన్ను తెచ్చుకుని, ఆయనకి ఎదురుగా దారి వెంబడి ముందుకీ వెనక్కీ తిరిగాను. షిఫ్ట్‌లో ఉన్న కుర్రాళ్లు నవ్వుకున్నారు. నవ్వనీ.

ఆయన రెయిలింగ్‌కి అర మీటరు దూరంలో నిలబడతాడు, వాల్వ్ అక్కడుంది కాబట్టి. నేనూ రెయిలింగ్‌కి అర మీటరు దూరంలో నిలబడితే ఆయన సరిగ్గా వ్యానిషింగ్ పాయింట్ మీదకి వస్తాడు. కానీ అలా నిలబడితే నా ముద్దుల నీలం పైపు రెండున్నర మీటర్ల దూరానికి పోతుంది. పోయింది కూడా. ఎడమ అంచు నుంచి దాదాపు అడ్డంగా వచ్చే ఒక సాదా నీలం పట్టీ అయిపోయింది, ఆ దూకుడంతా పోయింది. ఒక పావుగంట మనసొప్పక పైపుకీ రెయిలింగ్‌కీ మధ్య అటూ ఇటూ ఊగాను. మొదటి ఫొటో పాడైంది నేను నిలబడిన చోటు వల్లా, షట్టర్ వల్లా అని ఇంతకుముందు చెప్పాను కదా. అసలు కారణం ఈ మమకారం. ముందు గీతని ఎంచుకుని, తర్వాత మనిషిని దానికి ఎక్కడో తగిలించాలని చూశాను. మనిషి దగ్గర మొదలుపెట్టి, ఆయన దగ్గరికి ఏ గీత వస్తోందా అని వెనక్కి వెతుక్కోవాల్సింది.

అలా వెతికితే దొరికింది రెయిలింగ్. మొదటి రోజు దాన్ని గీతగా లెక్కలోకే తీసుకోలేదు. ఇప్పుడు కెమెరా నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంది, రెయిలింగ్ పైకమ్మీ మీటరు ఎత్తులో. అంటే కెమెరాకి అర మీటరు కింద, అర మీటరు కుడికి. రెండు దూరాలూ సమానం కాబట్టి ఫ్రేమ్‌లో అది సరిగ్గా 45 డిగ్రీల వాలులో వస్తుంది. కింది అంచులో కుడివైపు మొదలై, పసుపు రంగులో పైకి ఎక్కుతూ, ఎనిమిది మీటర్ల అవతల వాల్వ్ చక్రం మీద ఉన్న ఆయన చేతి దగ్గరికి చేరుతుంది. అక్కడి నుంచి ఆయన భుజం వెనక్కి పోయి మాయమవుతుంది. చూపు ఇంకా ముందుకి జారిపోదామన్నా దారి లేదు. ఆయన ఒళ్లే మూత. ఈ ఫొటోలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, గీత వాల్వ్ మీది చెయ్యి దగ్గర ఆగి, అక్కడి నుంచి మొహానికి చేరడం. పని ముందు కనిపించి, ఆ పని చేసే మనిషి తర్వాత కనిపిస్తాడు.

లెన్స్ 35 ఎం.ఎం. ఎనిమిది మీటర్ల దూరంలో ఆయన ఇప్పుడు 7.4 ఎం.ఎం. పడుతున్నాడు, ఫ్రేమ్ ఎత్తులో దాదాపు మూడో వంతు. హాలు పెద్దతనం ఇంకా తెలుస్తోంది, పైన లైట్ల వరస కూడా ఆయన తల వైపే దిగి వస్తోంది. ఆయన్ని ఫ్రేమ్ మధ్యలో పెట్టలేదు, ఎడమవైపు మూడో వంతు దగ్గర పెట్టాను. కెమెరాని తిప్పితే గీతలు మనిషిని వదిలేస్తాయేమో అని కొందరికి భయం. వదలవు. కెమెరా ఉన్న చోటు మారనంత వరకు, ఎటు తిప్పినా బిందువూ మనిషీ కలిసే కదులుతారు. కిందకి మాత్రం వంచలేదు. వంచితే స్తంభాలు వాలిపోతాయి. కెమెరాని సమంగా పెట్టి, పైన ఎక్కువగా వచ్చిన కప్పుని తర్వాత కోసేశాను.

గీత సరిగ్గా ఫ్రేమ్ మూల నుంచే మొదలవ్వాలని ఒక పాఠం చెబుతుంటారు. నాకు అంత నమ్మకం లేదు. మూల నుంచి మొదలైతే ఫ్రేమ్‌ని కత్తిరించి రెండు త్రికోణాలు చేసినట్టుంటుంది. మూలకి కాస్త ఇవతల మొదలవ్వడమే నాకు బాగుంటుంది. ఇక్కడ ఎలాగూ 45 డిగ్రీల వాలు దాన్ని మూలకి చాలా ఇవతలే తెచ్చి పెట్టింది.

షట్టర్ సంగతి తేలడానికి రెండు ప్రయత్నాలు పట్టాయి. తెరిచి ఉంచితే ఇప్పుడు ఆ వెలుగు సరిగ్గా ఆయన తల వెనక్కి వచ్చింది. హెల్మెట్ చుట్టూ వెలుగు అంచు, చూడ్డానికి సినిమా పోస్టర్‌లా ఉంది. కానీ మొహం నల్లటి అచ్చు. మొహానికి ఎక్స్‌పోజర్ పెంచితే వెనక అంతా తెల్లగా కరిగిపోయి హెల్మెట్ అంచులు తినేసింది. వాళ్లు అడిగింది మనిషిని, నీడని కాదు. సూపర్‌వైజర్‌ని బతిమాలితే పావుగంట షట్టర్ దించడానికి ఒప్పుకున్నాడు. దించాక ఆ చోటు బూడిద రంగు గోడలా మారింది, ఆయన పసుపు హెల్మెట్ దాని మీద స్పష్టంగా నిలబడింది. రెయిలింగ్ పసుపు, హెల్మెట్ పసుపు. ఇది నేను ప్లాన్ చేసింది కాదు, ఫ్యాక్టరీ రంగుల పుణ్యం.

చిన్న చిన్న చికాకులు కొన్ని. నడిచే దారిలో కొంత భాగం ఇనుప జాలీ. పంపులు తిరుగుతుంటే జాలీ సన్నగా వణుకుతుంది, ఆ వణుకు ట్రైపాడ్ కాళ్ల నుంచి కెమెరాకి ఎక్కుతుంది. మొదటి పది ఫ్రేములు అలా పోయాయి. కాళ్లు మూడూ కాంక్రీటు మీదకి మార్చాక సర్దుకుంది. ట్యూబ్ లైట్లు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకి వందసార్లు మినుకుమంటాయి కాబట్టి షట్టర్ స్పీడ్ సెకనులో 50వ వంతు పెట్టాను, లేకపోతే ఒక ఫ్రేమ్‌లో ఉన్న వెలుగు ఇంకో ఫ్రేమ్‌లో ఉండదు. అపర్చర్, అంటే లెన్స్ లోపల వెలుగు వచ్చే కన్నం, ఎఫ్/4. ఈ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదై, ఎక్కువ దూరం షార్ప్‌గా వస్తుంది. ముందు ఎఫ్/11 పెట్టి అంతా షార్ప్‌గా తీశాను. కానీ రెయిలింగ్ దగ్గరి భాగం మీద పెచ్చులూడిన పెయింటు, ఒక తుప్పు మరక అంత స్పష్టంగా కనిపిస్తుంటే చూపు అక్కడే ఆగి తుప్పుని పరిశీలిస్తోంది. ఎఫ్/4 దగ్గర ఆయన మీద ఫోకస్ పెడితే షార్ప్‌నెస్ నాలుగున్నర మీటర్ల దూరం నుంచి మొదలవుతుంది. రెయిలింగ్ మెత్తగా మొదలై, ఆయన దగ్గరికి వెళ్లేకొద్దీ తేటపడుతుంది. గీత దానంతట అదే ముందుకి నెట్టినట్టుంటుంది.

కేబుల్ ట్రే కూడా ఏడిపించింది. అది అన్నిటితో సమాంతరంగా పోకుండా ఒకచోట అడ్డంగా మళ్లి, ఆయన తలలోంచి కొమ్ము మొలిచినట్టు కనిపించింది. కెమెరా జరిపితే మిగతా అమరిక చెడుతుంది. ఆయన్నే ఒక అడుగు ముందుకి రమ్మన్నాను. దారి వెంబడే వచ్చాడు కాబట్టి బిందువు మీద నుంచి తొలగలేదు, కానీ కాస్త పెద్దగా కనిపించి ఆ మలుపుని హెల్మెట్ కప్పేసింది.

చివరిది ఆయన చూపు. మొదటి రోజు కెమెరా వైపు చూడొద్దని చెప్పాను, ఎటు చూడాలో చెప్పలేదు. ఆయన ఫ్రేమ్ బయటికి చూశాడు. మనిషి చూపు కూడా ఒక గీతే, రంగు లేనిది. గీతలన్నీ కష్టపడి మనల్ని ఆయన దగ్గరికి తెస్తే ఆయన మనల్ని బయటికి పంపేస్తున్నాడు.

"బాబాయ్, వాల్వ్ తిప్పేటప్పుడు మామూలుగా ఎటు చూస్తావ్?"

"మీటర్ వైపు. ఇంకెటు చూస్తాను?" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ప్రెషర్ మీటర్ వాల్వ్ స్టాండ్ మీదే ఉంది, ఆయన చేతికి కాస్త పైన. చెయ్యి నుంచి మొహానికి, మొహం నుంచి మీటర్‌కి, మీటర్ నుంచి మళ్లీ చేతికి. చూపు తిరగడానికి చిన్న చక్రం దొరికింది. నేను పోజు పెట్టాలని తంటాలు పడ్డది, ఆయన రోజూ చేసే పనిలోనే ఉంది.

పంపే ముందు రెండు ఫొటోలనీ ఇంట్లో వాళ్లకి మూడేసి సెకన్లు చూపించి, ఏం చూశారని అడిగాను. మొదటిదానికి "నీలం పైపు", "తలుపు" అన్నారు. రెండోదానికి "ఎవరో చక్రం తిప్పుతున్నాడు" అన్నారు. పొంగిపోయాను కానీ, ఇందులో ఒక మెలిక ఉంది. గీత ఉంటే కన్ను బుద్ధిగా దాని వెంట నడుస్తుందని మేం ఫొటోగ్రాఫర్లం చాలా ధీమాగా చెబుతాం. సోవియట్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ యార్బస్ కంటి కదలికల మీద చేసిన పరిశోధన 1967లో ఇంగ్లిష్‌లో వచ్చింది. ఒకే మనిషికి ఒకే పెయింటింగ్ చూపించి, వేరువేరు ప్రశ్నలు అడిగాడాయన. బొమ్మలో ఉన్నవాళ్ల వయసెంత అని అడిగితే చూపు మొహాల మీద తిరిగింది. వాళ్ల ఆర్థిక స్థితి ఏమిటని అడిగితే సామాన్ల మీదకీ బట్టల మీదకీ పోయింది. గీతలు మారలేదు, ప్రశ్న మారింది. అందుకే నేను ఇంట్లో వాళ్లని ఏమీ చెప్పకుండా అడిగాను. "మనిషిని చూడండి" అని చెప్పి ఉంటే మొదటి ఫొటోలోనూ ఆయన్ని పట్టేసేవాళ్లు.

డిజైనర్‌కి రెండో ఫొటో నచ్చింది, పేజీలో పెట్టారు. కథ అక్కడితో అయిపోలేదు. అదే ఫొటోని ఇంకోచోట వాడటానికి చతురస్రంగా కోశారు, కుడివైపు నుంచి. రెయిలింగ్ సగం పైగా పోయింది. మిగిలింది ఆయన చెయ్యి దగ్గర ఒక పసుపు ముక్క, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. తప్పు నాదే, అడగలేదు. అప్పటి నుంచి ఎక్కడెక్కడ ఏ ఆకారంలో వాడతారో ముందే అడుగుతున్నాను, నిలువు, చతురస్రం రెండూ అక్కడే విడిగా తీస్తున్నాను. నిలువు ఫ్రేమ్‌లో ఆ 45 డిగ్రీల గీత కుడి అంచు నుంచి వస్తుంది, కింది అంచు నుంచే రావాలంటే ట్రైపాడ్ ఇంకాస్త రెయిలింగ్ దగ్గరికి జరగాలి.

ఆపరేటర్‌కి రెండు ప్రింట్లూ తీసుకెళ్లి ఇచ్చాను, ఏది కావాలో ఉంచుకోమని. రెండోది చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

"నేను బాగానే పడ్డాను. నా మూడో నంబర్ పంపు ఏది?"

ఏడు మీటర్లు ముందుకి జరిగాను కదా, ఆ పంపు నా వెనక్కి పోయింది. మొదటి ఫొటోలో ఉంది, పైపు పక్కన, నిండుగా. ఆయన దాన్నే ఇంటికి పట్టుకెళ్లాడు.